సగం దీవెన

గుడియాత్తం చుట్టుపక్కల మా నాయన చేతిలో చెయ్యి పెట్టని ఆడమనిషి లేదంటే తప్పుగా అనుకోకండి. మేము గాజులు తొడిగేవాళ్ళం. తాళ్ళకు గుత్తులు గుత్తులుగా గుచ్చిన గాజుల మోపును మలారం అంటాం. దాన్ని భుజాన వేసుకుని తెల్లారేసరికి ఊరు దాటేవాడు నాయన. నాకు పెళ్ళయి భుజాలు గట్టిపడ్డాక నేనూ ఒక మలారం ఎత్తుకున్నాను. రాయవేలూరు బజారులో సీమగాజులు దిగాయంటే అందరికన్నా ముందు మేమే అక్కడ ఉండాలని ఆయన పంతం. ఆ పంతం నాకూ అంటుకుంది, ఈ వయసులో కూడా వదల్లేదు.

ఇప్పటివాళ్ళు గుడియాత్తం అంటే బజారూ రైలు స్టేషనూ అనుకుంటారు. నాకు మాత్రం దాని చుట్టూ ఉన్న పల్లెలే గుడియాత్తం. ఏటి ఇసక దాటితే మగ్గాల ఊరు. అక్కడ ఆడవాళ్ళు కండెలు చుడుతూ చుడుతూ లేచి వచ్చేవాళ్ళు, చేతికి అంటిన నూలు దుమ్ము తుడిచి మరీ తొడగాలి. ఇంకొంచెం పోతే తెలుగు రైతుల ఊళ్ళు. ఎప్పుడో తాతల తాతలనాడు వచ్చి పాతుకుపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, చేలగట్టు మీద అరవం, కోపం వస్తే రెండూ కలిపి. తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. నాకు మిషను బడిలో నాలుగు అక్షరాలు వంటబట్టాయి కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. పేర్ణంబట్టు దారిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళు; అక్కడ తడిక సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికి వచ్చేది. మొహం చూడకుండా ఆ చేతిని బట్టే నాయన మనిషి వయసు చెప్పేవాడు, ఒంట్లో బాగుందో లేదో కూడా చెప్పేవాడు.

గాజు తొడగడం అంటే ఏదో దూర్చేయడం అనుకుంటారు చాలామంది. బొటనవేలి మొదట ఉండే ఎముకను నొక్కి, అరచెయ్యి దొప్పలా మడిచి, ఆమెను మాటల్లో పెట్టి, ఆమె నవ్విన ఆ ఒక్క క్షణంలో గాజు దాటించాలి. నాయన మాటల పుట్ట. పక్కింటి కోడలి ముచ్చట్లు, పోయిన ఊళ్ళో వానల ముచ్చట్లు చెబుతూనే చెయ్యి నిండా తొడిగేసేవాడు. చివరి గాజు మణికట్టు దాటాక మాత్రం కబుర్లు ఆపి, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఒక దీవెన చెప్పేవాడు.

"చేతులు నిండుగా ఉండాల తల్లీ. మీ ఆయన చల్లగా ఉండాల."

అరవ ఇళ్ళలో అదే అరవంలో అనేవాడు. ఆ మాట కోసమే కాచుకుని, మలారాలు మోసుకొచ్చిన వేరేవాళ్ళను తిప్పి పంపిన ఇల్లాళ్ళు ఉన్నారు. దీవెన అయ్యాక వాళ్ళు గాజులు కళ్ళకద్దుకుని నాయనకు దండం పెట్టేవాళ్ళు. ఆ కాసేపు ఆయన వాళ్ళకు పుట్టింటి మనిషి.

నాకు ఒక అక్క. అమ్మ మా చిన్నప్పుడే పోయింది కాబట్టి అక్కను ఇంట్లో వదలలేక నాయన తనతో పల్లెలకు తిప్పేవాడు. ఏటి అవతల తెలుగు మాట్లాడే కిరస్తానీ పల్లె ఒకటి ఉంది. కూలికి పోయే కుటుంబాలు. మా వాళ్ళలో కొందరు అక్కడ అడుగు పెట్టరు, పెట్టినా గాజులు గుడ్డ మీద పరిచి దూరంగా జరుగుతారు. నాయన వెళ్ళి వాళ్ళ అరుగు మీదే కూర్చుని చేతులు పట్టుకుని తొడిగేవాడు. ఇంటికి వచ్చే ముందు ఏట్లో మునిగి వచ్చేవాడు కూడా, ఉన్నమాట చెప్పాలి. ఒకరోజు ఆ పల్లెలో ఒకామె చెయ్యి చాచింది. మాటల మధ్యలో మీ ఆయన ఏం పని చేస్తాడని నాయన అడిగితే, ఆయన పోయి చాన్నాళ్ళయిందని చెప్పింది. మొగుడు పోయినా గాజులు తీయక్కర్లేదని వాళ్ళ చర్చి అయ్యగారు చెప్పాడట. నాయన చెయ్యి అక్కడే ఆగిపోయిందని అక్క చెప్పింది. కాసేపటికి మళ్ళీ తొడగసాగాడట. అన్నీ తొడిగి, ఆమె చేతులు పట్టుకుని, "చేతులు నిండుగా ఉండాల తల్లీ" అని అంతటితో ఆపేశాడట. ఆమెకు అర్థమై, "అంత చాలప్పా" అందట.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అక్క అడిగింది. "రెండో మాట యాల చెప్పలేదు నాయనా?"

"లేని మనిషిని చల్లగా ఉండమని ఎట్టా అంటానమ్మా?" అన్నాడు నాయన. "ఈ చేతులు పట్టుకుని అబద్ధం చెప్తే ఇంగ గాజు నిలవదు."

నాకు అప్పుడు సంగటి ముద్ద మీద తప్ప దేని మీదా ధ్యాస లేదు. అక్క మాత్రం ఆ మాటను దాచుకుంది.

అక్కను మోర్ధానా వైపు, కొండ కింద ఉన్న ఒక పల్లెలో ఇచ్చాము. పెళ్ళిగాజులు నాయనే తొడిగాడు. దీవెన చెప్పాక కూడా ఆయన చేతులు వదల్లేదు, అందరం నవ్వాము. బావ మంచివాడు. నిదానస్తుడు, ఎద్దులతో కూడా మెల్లగా మాట్లాడేవాడు. వాళ్ళకు పిల్లలు పుట్టకముందే వరసగా వానలు మొహం చాటేశాయి. బావుల్లో బురద తేలింది. అప్పుడు పినాంగు తోటలకు కూలీలను పోగేసే కంగాణి ఒకడు తెల్ల తలపాగా చుట్టుకుని ఆ ఊరికి వచ్చాడు. ఓడెక్కితే చాలు బతుకు మారిపోతుందన్నాడు. వాడి నోరు పడిపోను, ఎంత తియ్యగా చెప్పాడో. బావతో పాటు ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి చాలామంది వెళ్ళారు. రెండు పంటలకాలంలో వచ్చేస్తానని అక్కకు చెప్పాడు.

రాలేదు. కబురూ లేదు. మొదట్లో మాకు పెద్దగా దిగులు లేదు, సముద్రం అవతలి సంగతి కదా అనుకున్నాం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పల్లెలో మాటలు మొదలయ్యాయి. మనిషి లేడనే అనుకోవాలి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించాలి అన్నారు పెద్దమనుషులు. కర్మ జరిపితే పదో రోజున అక్కను ఏటి ఒడ్డున కూర్చోబెట్టి గాజులు పగలగొట్టాలి. అక్క అత్త మా ఇంటికి వచ్చి గడప మీద కూలబడి ఏడ్చింది. నా కొడుకు ఉండాడు, నా కడుపుకి తెలుసు, బొమ్మని తగలెడితే నన్నూ దాంతోనే తగలెట్టండి అంది. అటు వాళ్ళు, ఇటు ఈమె. మధ్యలో అక్క.

నేను వెళ్ళి అడిగితే అక్క వడ్లు చెరుగుతూనే చెప్పింది. "ఉండాడో లేడో ఎవురైనా ఒకరు చెప్తే చాలు తమ్ముడా. ఉంటే కాచుకుంటా. లేకుంటే మనింటికి వచ్చేస్తా. రెండూ లేకుండా ఈడ ఉండాలంటేనే నా చేత కావడంలేదు."

మొగుడు లేడని తేలితే ఆమె పుట్టింటికి రావచ్చు, తేలనంతవరకు ఆ ఇంటి కోడలే. ఆ ఇంటి చాకిరీ అంతా ఆమెదే. నీళ్ళు మోయాలి, దంచాలి, చేలోకి పోవాలి, మంచం పట్టబోతున్న అత్తను చూసుకోవాలి. రోజూ సాయంత్రం బావకని ఒక సంగటి ముద్ద విడిగా తీసి మూత పెట్టేవాళ్ళు, అత్త ఆజ్ఞ. పొద్దున దాన్ని అక్కే నీళ్ళలో పిసుక్కుని తాగేది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయేది. అత్తను ఏమనగలను, తల్లి కదా.

నాయన పెద్దమనుషుల దగ్గరకు వెళ్ళి గడువు అడిగాడు. వెతికి కనుక్కుంటాను, అంతవరకు నా బిడ్డ చేతుల జోలికి రావద్దన్నాడు. ఆ తర్వాత మా తిరుగుడు అంతా మారిపోయింది. గాజులు ఎక్కడ అమ్ముడుపోతాయని కాదు, పినాంగు నుంచి ఎవరైనా తిరిగి వచ్చిన ఊరు ఎక్కడుందని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళం. ఎన్నడూ ఎరగని పల్లెలకు పోయాం. కాట్పాడి దాటి తిరువలం దాకా వెళ్ళాం. గుడి వీధిలో గాజులు తొడుగుతూనే అడిగేవాడు నాయన. మీ ఊళ్ళో ఓడెక్కినోళ్ళు ఎవరైనా ఉండారా తల్లీ, తిరిగి వచ్చినోళ్ళు ఉండారా. ఆ చెయ్యి మా చేతుల్లోనే ఉంటుంది కదా, అడిగిన మరుక్షణం అది బిగుసుకుపోయేది. చాలాచోట్ల వాళ్ళే మమ్మల్ని తిరిగి అడిగేవాళ్ళు. మీరు పది ఊళ్ళు తిరుగుతారు కదా, మా వాడి సంగతి ఏమైనా తెలుసా అని. ప్రతి పల్లెలోనూ అట్లాంటి ఇల్లు ఒకటి ఉండేది, దాని తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉండేది. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆ ఊళ్ళకు తిరిగాను కానీ ఆ తలుపులు నా కంట పడలేదు.

చివరికి రాయవేలూరికి దక్షిణాన, కనియంబాడిలో ఒకడు తిరిగి వచ్చాడని తెలిసింది. బావతో ఒకే ఓడలో వెళ్ళినవాడట. మేము ఎండవేళకు ఆ ఊరు చేరాం. అడుగు పెట్టేసరికి ఒక ఇంట్లో సీమంతం, ఆడవాళ్ళంతా మమ్మల్ని చుట్టేశారు. నువ్వు వీళ్ళకు తొడుగు, నేను పోయి మాట్లాడి వస్తానని నాయన ఒక్కడే ఆ మనిషి ఇంటికి వెళ్ళాడు. నేను తొడుగుతూనే ఉన్నాను, నా చూపంతా వీధి చివరనే. చాలాసేపటికి వచ్చాడు. తొట్టి దగ్గర ఆగి మొహం కడుక్కున్నాడు, కడుక్కున్నదాన్నే మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు.

"ఏమన్నాడు నాయనా?"

"ఆ మనిషికి సరిగ్గా తెలీదంట. ఓడ దిగినాక వేరే తోటకి పోయినాడంట మనోడు. యాడ ఉండాడో తెలీదన్నాడు."

"అంటే ఉన్నట్టే కదా?"

"తెలీదన్నాడు కదరా" అని విసుక్కున్నాడు. నాయన నా మీద విసుక్కోవడం అరుదు. దారిపొడుగునా గాజులని ఒక్క కేక వేయలేదు. నడిచే పల్లెల్లో ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి పిలిచినా ఆగలేదు. ఎండకు నడక కష్టమైందనుకున్నాను.

ఇంటికి రాకుండా నేరుగా అక్క ఊరికి నడిచాం. నాయన అరుగు మీద కూర్చుని మలారంలోంచి మేలైన ఎర్రగాజుల గుత్తి విప్పాడు. అక్క ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చుని చేతులు చాచింది. అత్త మాత్రం నా చొక్కా పట్టుకుని వదలదు. నా కొడుకు సంగతేమి, ఏమన్నాడా మనిషి, ఏ తోట, ఎంత దూరం. ఆమెకు సమాధానాలు చెప్పడంతోనే నాకు సరిపోయింది. ఇటు తిరిగి చూసేసరికి చివరి గాజు కూడా పడింది. నాయన అక్క చేతులు పట్టుకుని ఉన్నాడు. అక్క ఆయన మొహంలోకి చూస్తోంది. తర్వాత గాజులు కళ్ళకద్దుకుని, లేచి లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది.

వేరే తోటకు పోయాడన్న మాట పెద్దమనుషుల నోళ్ళు మూయించింది. అక్క గాజులు నిలిచాయి. మేము గెలిచామనే నేను అనుకున్నాను.

ఆ తర్వాత అక్క బావ గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరైనా వచ్చారా, ఏమైనా తెలిసిందా, ఏదీ లేదు. నాకు అది నచ్చలేదు. రాయి అయిపోయిందేమిటి ఈమె అనుకున్నాను. ముందు మనింటికి వచ్చేస్తానని పట్టుబట్టిన మనిషి ఆ మాటా మానేసింది. అత్త పోయాక నేను బండి కట్టుకుని వెళ్ళి, ఇంక ఈడ నీకేముంది, రా పోదాం అన్నాను. "నేను రానురా" అంది. ఎందుకు రావంటే పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. ఖాళీ బండితో తిరిగొచ్చి ఇంట్లో అందరి మీదా చిందులు తొక్కాను. నాయన మరుసటి వారమే కొత్తగాజులు తీసుకుని అక్క దగ్గరకు వెళ్ళాడు. గాజు కొంచెం వెలిసినా చాలు, మార్చి వచ్చేవాడు. ఊళ్ళో మారాణులకు కూడా అన్ని గాజులు లేవు.

నాయన జ్వరంతో పోయాడు. చివర్లో నా చెయ్యి పట్టుకుని "మీ అక్క" అన్నాడు. నేను చూసుకుంటాలే నాయనా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి ఇంకేదో చెప్పబోయాడు, చెప్పలేకపోయాడు. అక్క చేరేసరికి అంతా అయిపోయింది. నిండు చేతులతో వచ్చి ఆయన తల దగ్గర కూర్చుంది. పది పల్లెల ఆడవాళ్ళు వచ్చారు. కిరస్తానీ పల్లె నుంచి కూడా వచ్చి వీధి చివర నిలబడ్డారు. అందరూ అక్క చేతులు చూసి, మీ నాయన దీవెన ఊరికే పోదమ్మా అన్నారు.

పదో రోజున కౌండిన్య ఏటి ఇసకలో కర్మ జరిగింది. మొగుడు పోయిన ఆడది కూర్చోవాల్సిన చోటు ఒకటి ఉంటుంది. మా ఇంట్లో ఆ చోటుకు మనిషి లేదు, అమ్మ ఎప్పుడో పోయింది. అందరం పిండాల పనిలో ఉండగా అక్క నడిచి వెళ్ళి ఆ చోట కూర్చుంది. ఎవరికీ ఏమీ అర్థం కాకముందే ఒక బండరాయి మీద చేతులు రెండూ కొట్టుకుంది. గాజులన్నీ పగిలి ఇసకలో పడ్డాయి. ఆడవాళ్ళు పరిగెత్తి పట్టుకున్నారు. నాయన మీద బెంగతో పిచ్చెక్కింది, తండ్రి పోతే గాజులు పగలగొట్టుకుంటారా ఎవరైనా అన్నారు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. బావ ఉండగా ఏం పని ఇది అని అరిచాను.

అక్క మణికట్ల మీది నెత్తురు కొంగుతో తుడుచుకుంటూ మెల్లగా నాతో ఒక్కడితోనే చెప్పింది.

"మీ బావ లేడు తమ్ముడా. కనియంబాడికి పోయొచ్చిన రోజే తెలుసు నాకి. నాయన సగమే చెప్పినాడు."

ఇసకలో ఆమె పక్కనే కూలబడ్డాను.

"చేతులు నిండుగా ఉండాల అన్నాడు. ఇంగ నోరు రాలేదు ఆయనకి. నేను చూస్తానే ఉండా, పెదాలు ఆడినాయి, మాట రాలేదు. ఆ పల్లెలో ఆయమ్మకి చెప్పినట్లనే చెప్పినాడు. ఆ తరవాత ఎన్నిసార్లు తొడిగినా అంతే."

"మరి అప్పుడే ఇంటికి వచ్చేసి ఉండొచ్చు కదక్కా? లేడని తెలిస్తే వచ్చేస్తానన్నావే."

"వస్తే గాజులు తీసి రావాల కదరా. ఊరందరికీ తొడిగి ఇంటికొచ్చిన మనిషి ఎదురుగా నేను వట్టి చేతులతో సంగటి పెట్టాలా? రోజూ చూస్తాడు కదా. ఆడనే ఉంటే ఎప్పుడో ఒకసారి వస్తాడు, ఎర్రగాజులు తొడుగుతాడు, సంతోషంగా పోతాడు. పోనీలే అనుకున్నా."

అక్కకు తెలిసిపోయిందని నాయనకు తెలియదు. బిడ్డ చేతులు కాపాడాననే అనుకుంటూ ఆయన పోయాడు. గాజులు తొడిగేవాడికి గాజులు నిలిస్తే చాలనిపించింది, ఇంకేం కాపాడాలో తోచలేదు. ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. ఎంత ఏడ్చానో కూడా చెప్పలేను.

అక్క ఆ రోజే నాతో ఇంటికి వచ్చింది. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ఒక్కటే అడిగింది. "మీ బావ ఎట్టా పోయినాడో నాయన నీకి చెప్పినాడా? జ్వరమా, పామా? యాడ పూడ్చినారంట? ఏమన్నా అన్నాడా పోయేటప్పుడు?"

నాయన నాకేమీ చెప్పలేదు. అదంతా ఆయనతోనే పోయింది. అక్క తల ఊపి లోపలికి వెళ్ళింది, నేను ఊరుకోలేకపోయాను. మరునాడే మలారం లేకుండా, ఒట్టి భుజాలతో కనియంబాడికి బయలుదేరాను. అన్నేళ్ళ తర్వాత ఆ వీధిని వెతికి పట్టుకున్నాను, తొట్టి అట్లాగే ఉంది. ఆ ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళు ఉన్నారు. ఆ మనిషి పోయి చాలాకాలమైందన్నారు. పినాంగు సంగతులు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరన్నారు. చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. మీ నాయన బాగుండాడా అని అడిగారే కానీ, నేను అడిగినదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

తిరిగి వచ్చేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది. సందు మొదట్లో నేను కనబడగానే లేచి నిలబడింది. కాసేపు నా మొహంలోకి చూసింది. ఆనాడు అరుగు మీద నాయన మొహంలోకి చూసినట్టే.

"కాళ్ళు కడుక్కో" అంది. "సంగటి వేడిగా ఉండాది."